తేలువిషము - మంత్రమునుండి మాత్రవరకు

అనంతపురమునుండి గుత్తికి పోవు రహదారిమీద సుమారు 20 కిలోమీటర్లు సాగినచో గార్లదిన్నె వచ్చును. ఎర్రనేల, గరుసుమట్టి, ఎంత ఏరినను తరుగని రాళ్ళు. ఈ జిల్లాలో ఏడాదికి సగటున కురియు వాన సుమారు 550 మిల్లీమీటర్లు. ఈ మండలములోనే పెనకచెర్లవద్ద పెన్నానదికి అడ్డముగా మధ్యపెన్నా జలాశయము వెలసినను, మెట్టపొలముల రైతునకు నేటికిని ఆకాశమే దిక్కు. ఇట్టి నేలపై మానవుడు బ్రదుకుట కష్టము. తేలు బ్రదుకుట సులభము. నెలల తరబడి ఆహారము లేకున్నను అది ఓర్చుకొనగలదు. తాను తిన్న పురుగులోని తడితోనే దాహము తీర్చుకొనగలదు. రాతిక్రింది చల్లదనము, గోడలోని నెరియ, వేరుశనగ కట్టె వామి, పిడకల గూడు, మట్టిమిద్దె దూలముల సందు - ఇవన్నియు దానికి ఇండ్లే. పగలు దాగియుండి రాత్రి వెలువడును. రాత్రివేళ చెప్పులు లేని కాలితో కళ్ళమునకు పోవు రైతును, చీకటిలో పిడక తీయబోవు ఇల్లాలును, నేలపై చాపమీద నిద్రించు పిల్లవాడును దానికి ఎదురగుట వింత కాదు.

తేలు మన భాషలో కూడ కాపురమున్నది. దొంగకు తేలు కుట్టినట్లు అనని తెలుగువాడు లేడు. ఆ సామెతయందు ఒక శరీరధర్మ సత్యము దాగియున్నది. తేలుకాటు నొప్పి కేక వేయకుండ ఓర్చుకొనరానిదని దాని భావము. అందువలననే దొంగ అవస్థ మనకు నవ్వు పుట్టించును. కాని తేలువిషముయొక్క చరిత్రను పరికించినచో, ఈ నొప్పియే మనలను ఎంతకాలము ప్రక్కదారి పట్టించినదో తెలియగలదు. నొప్పి వేరు, ప్రమాదము వేరు. ఈ చిన్న భేదమును గ్రహించుటకు మానవునకు రెండువేల యేండ్లు పట్టినది. ఆ కథయే ఈ ప్రసంగము.

మన ప్రాంతమున తేళ్ళు ప్రధానముగా రెండు తెగలు. ఒకటి నల్లని పెద్ద తేలు. దీనినే మండ్రగబ్బ యందురు. దీని ముందరి గోళ్ళు లావుగా, పీతగోళ్ళవలె బలముగా నుండును. చూచినంతనే గుండె జల్లుమనును. రెండవది ఎర్రతేలు. ఇది రెండు మూడు అంగుళముల జీవి. పసుపు కలసిన ఎరుపు మొదలుకొని మట్టిరంగు వరకు దీని రంగు మారుచుండును. గోళ్ళు సన్నములు, తోక మాత్రము లావు. లోకులు భయపడునది పెద్దదానిని. ప్రాణము తీయగలది చిన్నది. బలమైన గోళ్ళు గలది ఎరను గోళ్ళతోనే నలిపి చంపగలదు. సన్నని గోళ్ళు గలదానికి విషమే ఆయుధము. ఈ ఎర్రతేలును 1798లో ఫాబ్రిషియస్ అను ప్రకృతిశాస్త్రజ్ఞుడు వర్ణించి, తమిళదేశమును స్మరింపజేయు 'తమ్యులస్' అను పేరు పెట్టెను. 1900లో పోకాక్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు భారతదేశపు తేళ్ళను, సాలీళ్ళను గూర్చి పెద్ద గ్రంథము వెలువరించెను. ఈనాటి శాస్త్రజ్ఞులు భారతదేశపు తేళ్ళలో అత్యంత ప్రమాదకరమైనది ఈ ఎర్రతేలే యని యేకగ్రీవముగా చెప్పుచున్నారు.

మన ప్రాచీన వైద్యులు ఈ విషయమును ఉపేక్షింపలేదు. సుశ్రుతసంహిత కల్పస్థానమున తేళ్ళు మందవిషములు, మధ్యవిషములు, మహావిషములు అని మూడు విధములుగా విభజింపబడినవి. మొదటి తరగతిలో 12, రెండవదానిలో 3, మూడవదానిలో 15, వెరసి 30 రకములు. కుళ్ళిన పేడనుండి మందవిషము గల తేళ్ళును, కొయ్యనుండి, ఇటుకలనుండి మధ్యవిషము గలవియు, పాము కళేబరమునుండి మహావిషము గలవియు పుట్టునని వారు తలచిరి. పుట్టుకనుగూర్చిన ఈ భావము నేడు నిలువదు. తేలు పిల్లలను కని, కొన్నిదినములు వీపుమీద మోయునని మనకు తెలియును. కాని తేళ్ళన్నియు ఒక్కటి కావు, కొన్ని కుట్టిన నొప్పియే, కొన్ని కుట్టిన ప్రాణాపాయము అను వారి పరిశీలన నేటికిని సత్యమే. మొదట నిప్పువలె కాల్చి, వెంటనే పైకి చీల్చుకొనుచు ఎక్కి, పిదప కుట్టినచోట నిలుచునని చరకసంహిత నొప్పియొక్క నడకను వర్ణించిన తీరు తేలుకాటు తిన్నవాడెవ్వడైనను ఔనని ఒప్పుకొనునట్టిది.

వైద్యుడు దొరకని పల్లెలలో మంత్రగాడు వైద్యుడైనాడు. తేలుమంత్రము వచ్చినవాడు దాదాపు ప్రతి పల్లెలోను ఉండెడివాడు. అర్ధరాత్రి తలుపు తట్టినను లేచి వచ్చెడివాడు. పైకము పుచ్చుకొన్నచో మంత్రము చెడునని కాసైన ముట్టెడివాడు కాడు. గ్రహణకాలమున నీటిలో నిలిచి జపించిననే మంత్రబలము నిలుచునని నమ్మిక. వేపమండలతో పైనుండి క్రిందికి దిగదుడుచుచు, విషము ఎంతవరకు దిగినదని అడుగుచుండును; రోగి మోకాలికి దిగినదనును, చీలమండకు దిగినదనును. కొన్ని యిండ్లలో చింతపిక్కను రాతిపై అరగదీసి కుట్టినచోట అంటించుదురు. ఉత్తరేణి వేరు నూరి పట్టువేయుదురు. తేలుమంత్రము ఎరుగనివాడు పాముపుట్టలో చేయి పెట్టినట్లు అను సామెతనుబట్టి, తేలుమంత్రము మంత్రవిద్యలో ఓనమాలవంటిదని మనవారు భావించినట్లు తోచుచున్నది.

ఈ మంత్రమునకు అంత కీర్తి యెట్లు వచ్చినది? కారణము సులభము. తేలు కుట్టినవారిలో అధికసంఖ్యాకులకు నొప్పి తప్ప మరేమియు కాదు. మండ్రగబ్బ కాటు అంతటితో పోవును. ఎర్రతేలు కుట్టినను అనేకులు కొన్ని గంటలు బాధపడి కోలుకొందురు. మంత్రించినను నొప్పి తగ్గును, మంత్రింపకున్నను తగ్గును. పక్కన కూర్చుండి ధైర్యము చెప్పు మనిషి యున్నచో ఆ కొన్ని గంటలు తేలికగా గడచును. మంత్రగాడు చేసిన మేలు అది. దానిని తక్కువచేయ నక్కరలేదు.

కర్నూలు జిల్లా కోడుమూరులోని కొండమీద శ్రావణమాసపు మూడవ సోమవారమున భక్తులు రాళ్ళు తొలగించి తేళ్ళను పట్టి కొండలరాయునికి సమర్పించు ఆచారము నేటికిని కలదు. అవి చేతులమీద ప్రాకుచున్నను భయపడరు. కర్ణాటకలో యాదగిరి ప్రాంతపు కందకూరునందు నాగపంచమినాడు ఇట్టి ఉత్సవమే జరుగును. తనతోకూడ ఒకే రాళ్ళనడుమ బ్రదుకు జీవితో మానవుడు చేసికొన్న ఒడంబడికలివి. కాని పండుగనాటి అనుభవమును బట్టి తేలువిషము అపాయకరము కాదని తలచుట ప్రమాదము.

ఏలయన, మంత్రము ఫలించినదని అందరును తలచిన కొన్ని రాత్రులలోనే అసలు అనర్థము జరిగెడిది. గార్లదిన్నెవంటి ఏ పల్లెలోనైనను జరుగగల ఒక దృశ్యమును ఊహించుకొనుడు. అయిదారేండ్ల పిల్లవానికి రాత్రి తేలు కుట్టినది. కేకలు పెట్టినాడు. మంత్రగాడు వచ్చినాడు. కొంతసేపటికి ఏడ్పు తగ్గినది. తల్లి నిట్టూర్చి, నొప్పి దిగినదని బిడ్డను పండుకొనబెట్టినది. కాని బిడ్డ ఒడలంతయు చెమటతో తడిసియున్నది; ఒకటి రెండుసార్లు వాంతి చేసికొన్నాడు; చేతులు, పాదములు చల్లబడినవి. చెమట పట్టుట విషము దిగుటయే యని పెద్దలన్నారు. తెల్లవారకమున్నే పిల్లవానికి ఊపిరి ఆడలేదు. దగ్గుతో నురుగు వచ్చినది. విషము గుండెకు ఎక్కినదని ఏడ్చినారు. ఆ మాటలో కొంత నిజమున్నది. అది ఎట్లు ఎక్కినదో తెలిసికొనుటకే ఇరువదవ శతాబ్ది యెల్ల పట్టినది.

తేలువిషము ఒక్క పదార్థము కాదు. అనేకములైన చిన్న చిన్న మాంసకృత్తుల మిశ్రమము. వానిలో ముఖ్యమైనవి నాడులపై పనిచేయును. మన నాడీకణముల పొరలలో సోడియము ప్రవేశించుటకు సన్నని ద్వారములు కలవు. వార్త వచ్చినప్పుడు అవి క్షణకాలము తెరచుకొని వెంటనే మూసికొనును. తేలువిషము ఆ ద్వారములను పట్టుకొని మూతపడనీయదు. గడియ విరిగిన తలుపు గాలికి కొట్టుకొన్నట్లు, నాడి ఆగకుండ వార్తలు పంపుచునే యుండును. చర్మములోని నాడులు అట్లు రేగుటయే నొప్పి. మన యిచ్ఛతో నిమిత్తము లేక గుండెను, రక్తనాళములను, స్వేదగ్రంథులను నడపు నాడులు రేగినచో అది తుపాను.

ఆ తుపానునకు రెండు ఘట్టములు. మొదట వాంతి, ఒడలెల్ల చెమట, నోట లాలాజలము ఊరుట, కొందరిలో నాడి మందగించుట. మగవారిలో జననేంద్రియము తనంతట స్తబ్ధమగుటయు వైద్యులు గుర్తించు చిహ్నమే. పిదప అడ్రినలిన్, నారడ్రినలిన్ అను రసములు రక్తములో వెల్లువయగును. ఇవి భయము, కోపము కలిగినప్పుడు మనయందు కొద్దిగా పుట్టునవే. వెల్లువగా వచ్చినప్పుడు రక్తనాళములు బిగిసికొనిపోవును. చేతులకు, కాళ్ళకు రక్తము అందక అవి చల్లబడును. రక్తపోటు పెరుగును. బిగిసిన నాళములలోనికి రక్తమును నెట్టలేక గుండె అలసిపోవును. గుండె ముందునకు పంపలేని రక్తము వెనుక ఊపిరితిత్తులలో నిలిచి, అక్కడి గాలితిత్తులలోనికి నీరు ఊరును. రోగి పొడినేలపై నుండియే నీటిలో మునిగినవాని వలె ఊపిరాడక తపించును. కుట్టిన అరగంటనుండి కొన్ని గంటలలోపల ఇది జరుగవచ్చును. పెద్దవానికి ఎక్కినంత విషమే పిల్లవానికిని ఎక్కును. కాని పిల్లవాని శరీరము చిన్నది. అందువలన పిల్లలకే ప్రమాదము హెచ్చు.

ఇందులో చిత్రమేమనగా, నొప్పితో గిలగిల కొట్టుకొనువారిలో అనేకులకు ఈ తుపాను రాదు. తుపాను వచ్చినవారిలో చాలమందికి కుట్టినచోట నొప్పి అంతగా ఉండదు. వారు కోలుకొనుచుండగా నొప్పి తిరిగి బయటపడుట వైద్యులు చూచియున్నారు. పిల్లవాని ఏడ్పు తగ్గినదని తల్లి సంతోషించిన ఘడియయే వాని చేతులు చల్లబడు ఘడియ కావచ్చును.

విషమునకు విరుగుడు వెదకుట ఈజిప్టులో మొదలైనది. అచ్చట పనిచేసిన ఛార్లెస్ టాడ్ 1909లో జంతువుల రక్తమునుండి తేలువిషమునకు ప్రతివిషమును తయారుచేసిన వృత్తాంతమును ప్రకటించెను. మనదేశమున 1932లో బొంబాయిలోని హాఫ్కిన్ సంస్థకు చెందిన కైయస్, మ్హస్కర్ అనువారు భారతదేశపు తేళ్ళ విషమును పరిశోధించి ప్రచురించిరి. 1961లో పి. ఎం. ముండ్లే అను వైద్యుడు కొంకణతీరపు రోగులను పరిశీలించి, మరణమునకు కారణము ఊపిరితిత్తులలో నీరు చేరుటయే యని బ్రిటిష్ వైద్యపత్రికలో వ్రాసెను. 1960 దశకపు చివర ఇజ్రాయెలులోని బీర్షెబా నగరమున గ్వెరాన్ మున్నగు వైద్యులు తేలువిషము గుండె కండరమును ఎట్లు దెబ్బతీయునో నిరూపించిరి. ఇట్లు రోగము తెలిసినది. మందు మాత్రము తెలియలేదు. చెమట నాపుటకు అట్రోపిన్ ఇచ్చిరి. అది రక్తపోటును మరింత పెంచునని తరువాత తెలిసినది. నిద్రమందుల మిశ్రమములు ఇచ్చిరి. అవియు కొన్ని సందర్భములలో అపకారమే చేసినవి.

1976లో హిమ్మత్‌రావు బావస్కర్ అను యువవైద్యుడు మహారాష్ట్రమున రాయగఢ్ జిల్లా మహాడ్ సమీపమునగల బిర్వాడీ ప్రాథమిక ఆరోగ్యకేంద్రమునకు వచ్చెను. కొంకణ కొండలలోని వరిపొలములలో ఎర్రతేలు కాటుతో వచ్చిన రోగులు తన కండ్లముందే మరణించుట చూచెను. గొప్ప యంత్రములు లేవు. రోగి మంచము పక్కనే కూర్చుండి, గంట గంటకు నాడిని, రక్తపోటును, చెమటను, చేతుల వెచ్చదనమును వ్రాసికొనెను. ప్రాణభయము రాకముందే కనిపించు ఈ ముందస్తు లక్షణములను వివరించుచు 1982లో లండనునుండి వెలువడు 'లాన్సెట్' వైద్యపత్రికలో ప్రకటించెను. బిగిసిన రక్తనాళములే అనర్థమునకు మూలమైనచో, వానిని సడలించుటయే మార్గమని ఆయన తలచెను. రక్తపోటునకు వాడుకలోనున్న ప్రజోసిన్ అను మాత్ర సరిగా ఆ పనియే చేయును. అది నారడ్రినలిన్ పట్టుకొను తావులను ముందుగా ఆక్రమించి నాళములను వదులు చేయును. చౌకమందు, నోట మింగుమందు, ఏ పల్లెలోనైనను ఉంచదగినది. ప్రజోసిన్ ఫలితములను ఆయన 1986లో అదే పత్రికలో ప్రచురించెను. అంతకుముందు తీవ్రమైన విషలక్షణములతో వచ్చినవారిలో నూటికి సుమారు 30 మంది మరణించుచుండగా, తదుపరి ఆ సంఖ్య ఒకటి రెండునకు దిగినది. మంత్రము ఆపలేని మరణమును మాత్ర ఆపినది. ఈ కృషికి 2022లో భారతప్రభుత్వము ఆయనకు పద్మశ్రీ యిచ్చి గౌరవించినది.

ఈ దారిలో నడచినవారు ఇతరులును కలరు. బొంబాయి వైద్యకళాశాలలలో శరీరధర్మశాస్త్రమును బోధించిన కె. రాధాకృష్ణమూర్తిగారు విషము శరీరములోని చక్కెర, క్రొవ్వుల వినియోగమును తారుమారు చేయునని చూపి, ఇన్సులినుతో చికిత్సను ప్రతిపాదించిరి. మన రాయలసీమలో తిరుపతి శ్రీవేంకటేశ్వర వైద్యవిజ్ఞాన సంస్థ వైద్యులు తేలుకాటు రోగుల గుండె కండరమును ధ్వనితరంగ చిత్రములతో పరిశీలించి 2004లో ప్రకటించిరి. విషమువలన సొమ్మసిల్లిన గుండె, రోగి ఆ తొలి గంటలను దాటినచో, సాధారణముగా కొద్దిదినములలో తిరిగి బలము పుంజుకొనును. ఇది మిక్కిలి ఊరట గలిగించు విషయము. హాఫ్కిన్ సంస్థ ఎర్రతేలుకు ప్రతివిషమును తయారుచేసిన పిదప, 2011లో బావస్కర్ దంపతులు 70 మంది రోగులపై జరిపిన పరీక్ష బ్రిటిష్ వైద్యపత్రికలో వెలువడెను. ప్రజోసిన్ మాత్రమే పుచ్చుకొన్న 35 మందిలో 10 గంటలకు పూర్తిగా కోలుకొన్నవారు 8 మంది. ప్రజోసినుతోపాటు ప్రతివిషము కూడ పొందిన 35 మందిలో 32 మంది. ప్రతివిషము రక్తములోని విషమును పట్టుకొనును. ప్రజోసిన్ ఆ విషము రేపిన తుపానును అణచును.

విషము శాస్త్రజ్ఞునకు పనిముట్టు కూడ అయినది. ఎర్రతేలు విషమునుండి 1990లో వేరుచేయబడిన ఐబీరియోటాక్సిన్ అను పదార్థము కణములలోని పొటాసియము ద్వారములలో ఒకదానిని మాత్రమే మూయును. ఆ ద్వారము ఏమి చేయునో తెలిసికొనుటకు ప్రపంచమంతట ప్రయోగశాలలలో దానిని వాడుదురు. గార్లదిన్నె రాళ్ళక్రింద దాగు తెగకు చెందిన జీవి విషము దూరదేశముల పరీక్షానాళికలలో విద్య నేర్పుచున్నది.

ప్రపంచమున ఏటేట సుమారు 12 లక్షలమంది తేలుకాటునకు గురియగుదురనియు, 3,250 మందికి పైగా మరణించుదురనియు 2008లో ఒక అంచనా వెలువడినది. మందు ఉన్నను మరణము లేకపోలేదు. ఇప్పుడు లోపించునది జ్ఞానము కాదు, కాలము. పూర్వము గార్లదిన్నెనుండి ఎద్దులబండిపై అనంతపురము చేరునప్పటికి తెల్లవారెడిది. నేడు రహదారియున్నది, 2005లో మన రాష్ట్రమున 108 వాహనములు వచ్చినవి, అనంతపురమున ప్రభుత్వ వైద్యకళాశాల 2000లో నెలకొన్నది. ఐనను నొప్పి తగ్గినదిగదా యని ఇంట కూర్చుండు ఒక్క గంట ఈ సౌకర్యములన్నిటిని వ్యర్థము చేయగలదు.

కావున ఈ ప్రసంగము విను ప్రతి గృహమునకు చెప్పదగిన మాటలు కొన్నియే. తేలు కుట్టినచో కోయకుడు, పీల్చకుడు, గట్టిగా కట్టు కట్టకుడు. కుట్టినచోటును సబ్బునీటితో కడిగి, రోగిని నడిపింపక, కదలనీయక యుంచుడు. నొప్పినిబట్టి తీర్పు చెప్పకుడు. నొప్పి యెక్కువైనను నిశ్చింత తగదు, తగ్గినను సంతోషింపదగదు. చేతులు, పాదములు పట్టి చూడుడు. అవి చల్లబడినను, ఒడలు చెమర్చినను, వాంతి యైనను, దగ్గు ఆయాసము కనిపించినను క్షణమైన ఆలసింపక వైద్యశాలకు పొండు. కుట్టినది పిల్లవానినైనచో ఆ లక్షణములకై వేచియుండనే వలదు. ప్రజోసిన్ మాత్ర వైద్యుని కనుసన్నలలో మింగవలసినది. మింగి లేచి నిలిచినచో రక్తపోటు పడిపోయి సొమ్మసిల్లవచ్చును. మీ యింటి పెద్దలకు మంత్రముపై నమ్మకమున్నచో వారితో వాదింపనక్కరలేదు. ఆ మంత్రగానిని కూడ బండిలో ఎక్కించుకొని పొండు. త్రోవపొడుగునను మంత్రించుచునే రావచ్చును. బండి మాత్రము ఆగరాదు.